దయ్యానికి చదువొచ్చు

మా ఆఫీసులో మోసపోయిన మొదటి మనిషి మా డిప్యూటీ డైరెక్టర్, అదే డి.డి. గారే. అయితే ఆ విషయం ఎక్కడా రాసి లేదు. "శాఖకు చెందిన ఒక ఉన్నతస్థాయి వ్యక్తి" అని మాత్రం తరవాత వచ్చిన సర్క్యులర్‌లో ఉంది. మా జిల్లా ఆఫీసులో ఉన్నతస్థాయి వ్యక్తి ఆయనొక్కరే కాబట్టి అందరికీ అర్థమైంది. అర్థమైనా కానట్టు ఉండడం మాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వచ్చేసే విద్య.

మాది ఉపకరణాల పర్యవేక్షణ శాఖ. మిగతా శాఖల్లో విరిగిపోయిన కుర్చీలు, తుప్పుపట్టిన బీరువాలు, తిరగని ఫ్యాన్లు నిజంగానే విరిగిపోయాయనీ, తుప్పుపట్టాయనీ, తిరగడం లేదనీ ధ్రువీకరించడం మా పని. మేము ధ్రువీకరించేదాకా అవి బాగున్నట్టే లెక్క. ఆ లెక్కన జిల్లాలో చాలామంది మూడు కాళ్ళ కుర్చీల్లో నిక్షేపంగా కూర్చుని ఉన్నారు.

డి.డి. సత్యవరప్రసాద్ గారికి ఒక సాయంత్రం ఫోనొచ్చింది. కరెంటు బిల్లు కట్టలేదనీ, కాసేపట్లో కనెక్షన్ పీకేస్తామనీ, అలా కాకుండా ఉండాలంటే తాము పంపిన లింకు నొక్కమనీ అవతలి మనిషి చెప్పాడు. మూడు సంతకాలు లేనిదే గుండుసూదుల డబ్బా కూడా కొననివ్వని మనిషి, ఒక్క ప్రశ్న వేయకుండా ఆ లింకు నొక్కేశారు. ఇంట్లో కరెంటు పోలేదు. బ్యాంకులో ఉన్నది పోయింది.

తరవాతి వారం, సిబ్బందిని ఇలాంటి మోసాల నుంచి కాపాడడానికి సైబర్ పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ ఒకావిడను పిలిపించారు. ఆవిడ చిన్నపిల్లలా ఉంది గానీ మాట పొందిగ్గా ఉంది.

"మోసగాడు మిమ్మల్ని ఆలోచించుకోనివ్వడండి. తొందరపెడతాడు. ఎవరైనా తొందరపెడితే ఒక్క నిమిషం ఆగండి. ఫోన్ పెట్టేసి, మీకు తెలిసిన నంబరుకి మీరే చేసి కనుక్కోండి. అంతే," అని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయింది.

అంతే అన్న మాట మా డి.డి. గారికి నచ్చలేదు. అంత చిన్న సలహాతో జనం బాగుపడిపోతే సర్క్యులర్లు ఎందుకు, ఉపసంఘాలు ఎందుకు, అసలు డి.డి.లు ఎందుకు? మర్నాడే మీటింగు పెట్టి, "దీన్ని ఒక పటిష్ఠమైన విధానంగా రూపొందించవలసిన ఆవశ్యకత ఉంది. సలహాలు చెప్పండి," అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినవాళ్ళకే ఆ పని అంటగడతారని మాకు తెలుసు. నా పక్క సీటు హైమావతికి తెలియదు. ఊరికే నవ్వులాటకి అన్నట్టు, "మా అత్తగారు చెబుతుంటారండి, వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో తలుపుల మీద 'రేపు రా' అని రాసేవారట," అంది.

"ఎందుకూ?" అన్నారు సూపరింటెండెంట్ లింగమూర్తి గారు.

"దయ్యం కోసమండి. తెలిసినవాళ్ళ గొంతుతో పిలిచేదట. అమ్మలాగో, అక్కలాగో. పలికితే అంతే సంగతులు. అందుకని తలుపు మీద రాసేవారట. దయ్యం వచ్చి, చదువుకుని, సరేలే రేపొద్దామని వెళ్ళిపోయేదట. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకునేదట."

"దయ్యానికి చదువొచ్చా?" అన్నాను నేను.

"నేనూ అదే అడిగానక్కా. 'చదువొచ్చే. బుద్ధే లేదు,' అన్నారావిడ."

అందరం నవ్వాం. డి.డి. గారు నవ్వలేదు. పెన్ను మూత తీశారు.

సర్క్యులర్ వచ్చేసింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, అత్యవసరము, తక్షణము, వెంటనే, ఇప్పుడే, కాస్త చూడండి మొదలగు పదములతో కూడిన అభ్యర్థనలన్నియు ప్రాథమికముగా మోసపూరితములని భావించవలెను. అట్టి అభ్యర్థనదారులను మరుసటి దినమున రావలసినదిగా కోరవలెను. మరుసటి దినమున కూడా తొందర కనబరచినచో మోసము నిర్ధారణ అయినట్లు పరిగణించవలెను." దీనికి 'రేపు రా విధానం' అని పేరు.

విధానం బాగానే ఉంది గానీ బోర్డు రాయించే దగ్గర చిక్కొచ్చింది. 'రేపు రా' అంటే దయ్యానికి చెల్లుతుంది. ఆఫీసుకు వచ్చేవాళ్ళందరినీ 'రా' అనగలమా? ఉపసంఘం కూర్చుంది. రెండు పూటలా ఉప్మా, జీడిపప్పు పకోడీ నడిచాక, ప్రజలకు 'రేపు రా', సాటి శాఖలవాళ్ళకు 'రేపు రండి', పై అధికారులకు 'రేపు దయచేయండి' అని మూడు బోర్డులు తయారయ్యాయి. ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలు. ప్రజల్లో ఎవరూ కొత్తగా ఏమీ గమనించలేదు. ఒక రైతు మాత్రం, "ఇన్నాళ్ళూ నోటితో చెప్పేవోరు, ఇప్పుడు రాసెట్టారు, మంచిదే, గొంతు నొప్పి తగ్గుద్ది," అని వెళ్ళిపోయాడు.

సలహా ఇచ్చినందుకు హైమావతికి శాలువా కప్పారు. దాన్ని ఇంటికి తీసికెళితే వాళ్ళ అత్తగారు అచ్చియ్యమ్మ గారు తిప్పి చూసి, "బాగానే ఉందే. కానీ అది దయ్యానికి చెప్పే మాట. మనుషులకి చెప్పే మాట కాదని మీవాళ్ళకి చెప్పావా?" అన్నారట. హైమావతి చెప్పలేదు. శాలువా కప్పించుకున్నవాళ్ళు ఏం చెబుతారు?

విధానం దానంతటదే ముదిరింది. పై ఆఫీసు నుంచి 'అత్యవసరం' అని వచ్చిన కవర్లు విప్పడం మానేశాం. ఆఫీసుకు ఇంత ప్రశాంతత ఎన్నడూ లేదు. ఒక మధ్యాహ్నం మెట్ల కింద గదిలో వైర్లు అంటుకుని పొగొచ్చింది. అటెండరు ఏసుపాదం పరుగెత్తుకొచ్చి, "అయ్యా, వెంటనే రండయ్యా," అన్నాడు. లింగమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏం మాట వాడావోయ్ నువ్వూ?" అన్నారు. ఏసుపాదం బుద్ధిమంతుడు. బయటికి వెళ్ళి, మళ్ళీ నెమ్మదిగా నడిచి వచ్చి, చేతులు కట్టుకుని, "అయ్యా, తొందరేం లేదండి. మెట్ల కింద గది తగలబడతందండి. మీ వీలు చూసుకుని దయచేయండి," అన్నాడు. అలా అడిగాక అందరం లేచి వెళ్ళాం. అప్పటికి విరిగిన కుర్చీల నమూనాలన్నీ కాలిపోయాయి. ప్రమాదాన్ని సంయమనంతో ఎదుర్కొన్నందుకు పై ఆఫీసు మాకు ప్రశంసాపత్రం పంపింది. దాని మీద 'వెంటనే ప్రదర్శించవలెను' అని ఉండడంతో ఇంతవరకు గోడకు తగిలించలేదు.

ఇలా ఉండగా అచ్చియ్యమ్మ గారు పెరట్లో బట్టలు ఆరేస్తూ జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. హైమావతి, ఆమె భర్త ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఈ వయసులో ఇలాంటివి నాన్చకూడదమ్మా. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసేస్తే నడుస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ మంచం ఖాయం. ఊపిరితిత్తుల్లోకి నిమ్ము చేరితే అదీ ఉండదు," అన్నాడు. హైమావతికి ఉద్యోగుల హెల్త్ కార్డు ఉంది. అయితే కార్డు దొంగదో కాదో తెలియాలి గదా, ఈ రోజుల్లో. ఆసుపత్రివాళ్ళు ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ పేరుగల ఆవిడ మీ ఉద్యోగేనా అని అడుగుతారు. మేము అవును అనాలి. ఒక్క మాట.

ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినప్పుడు లింగమూర్తి గారు తీశారు. అవతలి అమ్మాయి, "సార్, అర్జంట్ కేసు," అంది. లింగమూర్తి గారి మొహం వెలిగింది. శిక్షణ ఇచ్చాక మొదటిసారి అసలైన మోసగత్తె దొరికినట్టు, ఫోను మీద చెయ్యి పెట్టి మా అందరినీ నిశ్శబ్దంగా ఉండమని సైగ చేశారు. "రేపు రండి," అని పెట్టేశారు.

మధ్యాహ్నం హైమావతే వచ్చింది. జుట్టు రేగిపోయి, చీర కుచ్చిళ్ళు నలిగిపోయి ఉంది. నన్ను తోడు రమ్మని డి.డి. గారి గదిలోకి వెళ్ళింది.

"సార్, నేను ఇక్కడ పని చేస్తున్నానని ఒక్క మాట ఆసుపత్రికి చెప్పండి సార్. వెంటనే..."

వెంటనే అన్నాక నాలుక కరుచుకుంది. డి.డి. గారు బాధగా తల ఆడించారు.

"మీరే ఇలా అంటే ఎలాగమ్మా? ఈ విధానానికి మాతృమూర్తి మీరు."

"నేను హైమావతినని మీకు తెలుసు కద సార్. ఏడేళ్ళుగా మీకు రోజూ కనబడుతున్నాను."

"నాకు తెలుసు. అది నా వ్యక్తిగత పరిజ్ఞానం. శాఖకు తెలియదు. మోసగాళ్ళు తెలిసినవాళ్ళ గొంతుతోనే వస్తారని మీరే సెలవిచ్చారు."

"గొంతే కాదు సార్, మొత్తం నేనే వచ్చాను."

"అది ఇంకా అనుమానాస్పదం," అన్నారు లింగమూర్తి గారు పక్కనుంచి.

నేను కల్పించుకుని, "సార్, ఆవిణ్ణి నేనెరుగుదును," అన్నాను. మీరిద్దరూ కలిసే వచ్చారు కదా అన్నారు డి.డి. గారు. రేపు రమ్మన్నారు.

రేపు వచ్చింది. అంటే హైమావతి మర్నాడు వచ్చింది. "సార్, నిన్న రేపు రమ్మన్నారు. రేపంటే ఇవాళే కద సార్."

"ఇది నేడమ్మా," అన్నారు డి.డి. గారు జాలిగా. "రేపన్నది ఎప్పుడూ రేపే. విధానంలోని పటిష్ఠత అంతా అక్కడే ఉంది."

"సార్, ముసలావిడ నొప్పికి నిద్రపోవడం లేదు. మందులకి మత్తుగా ఉంటున్నారు. డాక్టరు నిమ్ము చేరుతుందంటున్నాడు."

"రెండో రోజు కూడా తొందర కనబరుస్తున్నారు," అని లింగమూర్తి గారు డి.డి. గారి చెవిలో అన్నారు, మాకందరికీ వినబడేలా.

అదే రోజు మా వరండా బెంచీ మీద శాంతారాం అనే ఆయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, నుదుట సన్నటి బొట్టు, చేతిలో నల్ల పెట్టె. రాజధానిలో ఉద్యోగుల ఆర్థిక రక్షణ విభాగం నుంచి వచ్చానన్నాడు. సిబ్బంది వేలిముద్రలూ, ఆధార్, బ్యాంకు వివరాలూ తీసుకుని అందరికీ 'రక్షణ కవచం' వేస్తాడట. వేస్తే ఇక ఎవరూ మోసం చేయలేరట. లింగమూర్తి గారు అలవాటుగా రేపు రమ్మన్నారు.

"తప్పకుండానండి. తొందరేముంది," అని ఆయన నమస్కారం పెట్టి వెళ్ళాడు. మర్నాడు వచ్చాడు. మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ నమస్కారం పెట్టాడు. మా ఆఫీసు పుట్టినప్పటి నుంచి, రేపు రమ్మంటే సంతోషంగా వచ్చిన మనిషి ఆయనొక్కడే. డి.డి. గారు తలుపు సందులోంచి చూసి ముగ్ధులైపోయారు.

"చూశారా, ఒక్క మోసలక్షణమైనా ఉందా ఆయనలో? పిలవండి," అన్నారు.

లోపల కుర్చీ వేసి, కాఫీ ఇప్పించారు. శాంతారాం గారు కాఫీ కూడా నిదానంగానే తాగాడు. "సార్, ఇప్పుడే వద్దు లెండి. మీ సిబ్బంది ఆలోచించుకోనీయండి," అన్నాడు. ఆ మాటతో డి.డి. గారు మొట్టమొదటగా తన బొటనవేలే ఇచ్చారు. తరవాత మేమందరం వరుసలో నిలబడి ఇచ్చాం. నేనూ ఇచ్చాను. ఇంట్లో కూరగాయలవాడి దగ్గర రెండు వంకాయలు ఎక్కువ ఏరుకోవడానికి పావుగంట బేరమాడేదాన్ని, అక్కడ పదివేళ్ళూ చాచి ఇచ్చాను. ఏసుపాదం కూడా ఇచ్చాడు, ముందు సబ్బుతో కడుక్కుని మరీ. హైమావతి ఒక్కతే లేదు. ఆసుపత్రిలో ఉంది.

ఆ సాయంత్రం నేను ఆసుపత్రికి వెళ్ళి ఈ శాంతారాం గారి సంగతి చెప్పాను. అచ్చియ్యమ్మ గారు కళ్ళు మూసుకునే విన్నారు. మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతున్నారు.

"ఏమే హైమా. వాడు తొందరేం లేదన్నాడట. పనైపోయిందట."

"అవునత్తయ్యా."

"మరి నీకేం పోయిందే? నువ్వూ అలాగే అను."

"మీరిలా ఉంటే తొందర లేదని ఎలా అంటానండీ?"

"నోటితో అను. నా కోడలివి, ఆ మాత్రం అబద్ధం రాదా? నా వంకాయ పులుసు బాగుందని ఎన్నేళ్ళు చెప్పావు."

మర్నాడు హైమావతి తల నున్నగా దువ్వుకుని, జాజిపూలు పెట్టుకుని వచ్చింది. డి.డి. గారి గదిలో నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"నమస్కారం సార్. ఏం లేదండి, ఇటు వెళుతూ వచ్చాను. మా అత్తగారి విషయం. తొందరేం లేదండి. మంచంలోనే ఉన్నారు, ఎక్కడికీ పోరు. ఆపరేషన్ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. మీకు తోచినప్పుడే చెప్పండి. చెప్పకపోయినా ఏం అనుకోను."

డి.డి. గారు సంతృప్తిగా కుర్చీలో వెనక్కి వాలారు. "చూశారా, మొదటి రోజే ఇలా మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది," అని ఫోను అందుకున్నారు. "ఆఁ, హైమావతి మా ఉద్యోగే. నాకు బాగా తెలుసు. ఏడేళ్ళుగా చూస్తున్నాను," అన్నారు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ జరిగింది. నిమ్ము తగ్గడానికి చాలా రోజులు పట్టింది. నడుస్తారు గానీ మునుపటిలా కాదనీ, కుడికాలు లాగుతుందనీ డాక్టరు చెప్పాడు. ముందే చేసి ఉంటే ఇంత ఉండేది కాదన్నాడు.

మాకు ఒకటో తారీఖున జీతం పడింది. పడినట్టు మెసేజి వచ్చింది. టీ తాగి వచ్చేసరికి పోయినట్టు మెసేజి వచ్చింది. ఒకరి తరవాత ఒకరి ఫోన్లు అలా మోగుతూనే ఉన్నాయి. డి.డి. గారు బ్యాంకుకు ఫోన్ చేసి, "వెంటనే ఆపండి, ఇప్పుడే ఆపండి," అని కేకలు వేశారు. కొంతసేపటికి కేకలు ఆగిపోయాయి. మీరు డి.డి. గారే అని మాకు నమ్మకం ఏమిటి అని బ్యాంకువాళ్ళు అన్నారని తరవాత తెలిసింది.

రాజధాని నుంచి విచారణాధికారి వచ్చారు. కొన్నాళ్ళు అతిథిగృహంలో ఉండి, అందరినీ పిలిచి, నివేదిక రాశారు. "శాంతారాం అనబడు వ్యక్తి ఏ దశలోనూ తొందర కనబరచలేదు. కావున విధానము ప్రకారము సదరు సంఘటన మోసము నిర్వచనములోనికి రాదు. విధానము నూటికి నూరుపాళ్ళు విజయవంతమైనది." అని మొదటి పేరా. రెండో పేరా ఇంకా బాగుంది. "అయితే, శ్రీమతి హైమావతి తన అత్తగారి శస్త్రచికిత్స అత్యవసరము కాగా, తొందర లేదని పై అధికారి ఎదుట తప్పుడు ప్రకటన చేసి లబ్ధి పొందినారు. ఆసుపత్రి కాగితములు ఇందుకు రుజువు. సిబ్బంది యావన్మంది ధనము కోల్పోగా ఈమె ఒక్కరే కోల్పోకపోవడము కూడ గమనార్హము. ఈ కార్యాలయములో నిర్ధారణ అయిన ఏకైక మోసము ఇదియే."

హైమావతికి సంజాయిషీ మెమో తయారైంది. ఆమె ఇంకా సెలవులోనే ఉంది కాబట్టి, ఇంటికి తీసుకెళ్ళి చేతికిచ్చి సంతకం తీసుకురమ్మని ఏసుపాదాన్ని పంపారు. చేతికిస్తే వద్దన్నా, తీసుకుని జవాబు ఇవ్వకపోయినా సస్పెన్షనే అన్నారు. మొగుడిది ప్రైవేటు ఉద్యోగం. ఆ ఇల్లు నడిచేది ఈమె జీతం మీదే.

ఏసుపాదం వెళ్ళి, మెమోతోనే తిరిగొచ్చాడు.

"తలుపు మీద రేపు రా అని రాసుందండి," అన్నాడు.

"రాస్తే? తలుపు కొట్టలేదా?" అన్నారు లింగమూర్తి గారు.

"సర్క్యులర్లో అది చదివాక కొట్టమని లేదండి."

లింగమూర్తి గారు డి.డి. గారి వైపు చూశారు. ఆ రాత చెల్లదనాలంటే సర్క్యులర్ రద్దు చేయాలి. రద్దు చేయాలంటే విధానం తప్పని ఒప్పుకోవాలి. అది నూటికి నూరుపాళ్ళు విజయవంతమైందని విచారణాధికారి రాసి పెట్టారు. డి.డి. గారు చాలాసేపు ఫ్యాను వైపు చూశారు. మా ఫ్యాను తిరగదు. "రేపు వెళ్ళు," అన్నారు.

అప్పటినుంచి ఏసుపాదం రోజూ వెళుతున్నాడు. రోజూ వస్తున్నాడు.

నిన్న నేను బత్తాయిలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. హైమావతి వంటింట్లో ఉంది. అచ్చియ్యమ్మ గారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. బయటినుంచి బాగా తెలిసిన గొంతు వినిపించింది.

"హైమావతి గారూ. నేనేనండి."

హైమావతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అచ్చియ్యమ్మ గారు కోడలిని కదలొద్దన్నట్టు చెయ్యి చూపించి, వాకరు అందుకున్నారు. ఒక కాలు వేసి, రెండోది లాక్కుంటూ, గుమ్మం దాకా వెళ్ళి తలుపు తీశారు. సుద్దతో రాసిన అక్షరాలు కొద్దిగా చెరిగి ఉన్నాయి.

"చదివావా నాయనా?"

"చదివానండి. రేపు రా అనుందండి." కాళ్ళ వైపు చూశాడు. "ఎలా ఉందండమ్మా ఇప్పుడు?"

"ఒకటి నే చెప్పినట్టు వింటోంది. రెండోది మీ ఆఫీసులో పనిచేస్తోంది, రేపంటోంది."

ఏసుపాదం నవ్వబోయి, చేతిలో ఉన్న కవరు గుర్తొచ్చి ఆగాడు. దాన్ని కొంచెం ముందుకు చాపి, గొంతు తగ్గించి, "దీని మీద అర్జంటని ఎర్ర సిరాతో కొట్టారండమ్మా," అన్నాడు.

"అయితే మోసమే నాయనా, జాగ్రత్త," అని ఆవిడ తలుపు వేశారు.